సంబంధాల రిజిస్టరులో ఎర్ర గీత



ఇది పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు రాత్రి భోజనం అయ్యాక చదవండి. చదవకుండా మాత్రం బొటనవేలు బొమ్మ పెట్టవద్దు.

మన సంఘం సంబంధాల రిజిస్టరులో ఒక అమ్మాయి పేరు మీద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. పక్కన "నరాల జబ్బు" అని రెండు ముక్కలు రాసి ఉన్నాయి. ఆ బిడ్డకు ఉన్నది మల్టిపుల్ స్క్లిరోసిస్. ఎం.ఎస్. అంటారు. చదువుకుంది, ఉద్యోగం చేస్తా ఉంది, తన బండి తానే నడుపుకుంటుంది. వాళ్ళ నాయన దాచకుండా దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాశారు. ఆ నిజాయితీకి మనం ఇచ్చిన బహుమానం ఆ గీత. (ఆ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. ఎవరా అని వెతికే పని పెట్టుకోవద్దు.)

ఇదే సంఘంలో ఇంకో పెద్దమనిషి, ఇదే జబ్బు ఉన్న ఇంకో అమ్మాయి తల్లికి ఇచ్చిన సలహా వేరు. "ఎవరికీ చెప్పవద్దమ్మా, గుట్టుగా పెండ్లి చేసేయి. కల్యాణం పణ్ణినా ఎల్లాం సరియాయిడుం." పెండ్లి చేస్తే అంతా సర్దుకుంటుందట. కాపురం కుదిరితే హార్మోన్లు కుదురుతాయట, హార్మోన్లు కుదిరితే నరాలు దారికి వస్తాయట. ఈ మాటకు బలంగా మన గ్రూపులో ఒక వీడియో కూడా తిరిగింది. దాంపత్య సుఖమే నరాల జబ్బుకు మందు అని ఒకాయన చెప్తాడు. చివర్లో ఆయనే ఒక పొడి అమ్ముతాడు.

ఒకరికి పెండ్లి విషం, ఒకరికి పెండ్లి మందు. పైకి ఎదురెదురు మాటలు. లోపల ఒకటే. ఆడదాని ఒంటి సంగతి, ఆలుమగల సంగతి మేం తెలుసుకోం, మాట్లాడం, ఎవరినీ మాట్లాడనివ్వం, తీర్పు మాత్రం చెప్తాం. ఈ పద్ధతి మీదే నా కోపం.

నేను డాక్టరును కాను. రైల్వేలో జీతం బిల్లులు, సెలవు ఖాతాలు రాసి రిటైర్ అయినవాణ్ణి. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరం పెన్షన్ వచ్చాక పట్టుకున్నాను, అందుకే నా తెలుగులో కాస్త అరవ వాసన వస్తుంది. కానీ మా తమ్ముడి కూతురికి ఈ జబ్బు వచ్చి పదకొండేళ్ళయింది. ఆమెతో ఆస్పత్రి బెంచీల మీద కూర్చున్నాను, డాక్టర్లను అడిగాను, ఇంగ్లీషు పరిశోధన కాగితాలు ఆమే చదివి నాకు అర్థం చెప్పింది. ఈ పోస్టులో పడకగది మాటలు కూడా ఆమె రాయమంటేనే రాస్తున్నాను. "పెదనాన్నా, నువ్వు రాస్తే మొగవాళ్ళు చదువుతారు" అంది.

ముందు జబ్బు సంగతి. స్టేషన్ ప్యానెల్ నుంచి సిగ్నలు దాకా కేబులు పోతుంది. లోపల తీగ, తీగ మీద తొడుగు. తొడుగు చిరిగితే సిగ్నలు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు, ఒకసారి పచ్చకు బదులు ఎరుపు చూపిస్తుంది. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో కూడా నరాల మీద మైలిన్ అనే తొడుగు ఉంటుంది. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి ఆ తొడుగును కొరుకుతుంది. కేబులును కొరికేది ఎలుక కాదు, మనం పెట్టుకున్న కాపలావాడే. అందుకే ఒకరికి చూపు మసక, ఒకరికి కాలు తిమ్మిరి, ఒకరికి మూత్రం ఆగదు. వస్తుంది, కొన్ని వారాలుండి చాలావరకు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కొందరిలో తగ్గకుండా మెల్లగా ముదురుతుంది. అంటువ్యాధి కాదు. పిచ్చి కాదు. పాపం కాదు.

దీన్ని ఒక జబ్బుగా స్పష్టంగా వర్ణించింది పారిస్‌లో షార్కో అనే డాక్టరు, 1868లో, సాల్పేట్రియేర్ ఆస్పత్రిలో. అదే ఆస్పత్రిలో అదే డాక్టరు హిస్టీరియా మీద కూడా పేరు తెచ్చుకున్నాడు. ఆ రెండు పేర్లూ ఒకే గోడల మధ్య పెరిగాయి. ఈ జబ్బున్న ఎంతోమంది ఆడవాళ్ళకు మొదట పడిన ముద్ర రెండోది. నిన్న నడిచింది, ఈరోజు కాలు లాగుతుందంటుంది, నాటకం అన్నారు. మన పక్క అయితే గాలి సోకింది, పేయి పట్టింది అంటారు, కోవెల్లో నలభై ఎనిమిది రోజులు ఉంచుతారు. నేను దేవుణ్ణి ఏమీ అనడం లేదు. ఎం.ఆర్.ఐ. తీయించండి, మొక్కు కూడా తీర్చుకోండి.

ఇక హార్మోన్లు. ఈ మాట మన పెద్దమనిషి కనిపెట్టింది కాదు, దాంట్లో నిజం ఉంది. ఎం.ఎస్. మొగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు జాస్తి. చిన్నపిల్లల్లో వచ్చినప్పుడు ఆడా మగా తేడా అంత ఉండదు. పెద్దమనిషి అయ్యే వయసు దాటాకే తేడా పెరుగుతుంది. సాధారణంగా జబ్బు బయటపడేది ఇరవైకీ నలభైకీ నడుమ, అంటే సరిగ్గా మనం జాతకాలు చూసే వయసులో. కాబట్టి హార్మోన్లకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. ఏ సంబంధం, ఎంత, ఎప్పుడు అనేదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు వేరేవాళ్ళు, మనం వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్ళం.

దీనికి ముందు వేడి సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి మాటలోనూ అది ఉంది. కత్తిరి ఎండల్లో పట్టాలు వేడెక్కితే రైల్వేలో కాషన్ ఆర్డరు ఇస్తారు. బండి నిదానంగా పోతుంది. పట్టా విరిగినట్టు కాదు. చల్లబడితే మళ్ళీ మామూలు వేగం. తొడుగు చిరిగిన నరం కూడా అంతే. ఒంటి వేడి కొంచెం పెరిగినా దాంట్లో వార్త నిదానిస్తుంది. ఒళ్ళు శ్రమించినప్పుడు చూపు మసకబారడం 1890లో ఉటోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాసిపెట్టారు, దానికి ఆయన పేరే ఉంది. అసలు కారణం వేడి అని తర్వాత తేలింది. ఒళ్ళు చల్లబడితే తగ్గుతుంది, కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. జ్వరం, ఇన్ఫెక్షను లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే అది వేరే లెక్క, అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఈ తేడా తెలియని ఇల్లు రెండు తప్పులూ చేస్తుంది. కాషన్ ఆర్డరు చూసి పట్టా విరిగిందని ఏడుస్తుంది, పట్టా నిజంగా విరిగినప్పుడు ఎండ వల్ల అని ఊరుకుంటుంది.

ఇప్పుడు నెల లెక్క చూడండి. అండం విడుదలైన తర్వాత, బహిష్టు వచ్చేదాకా, ఆడవాళ్ళ ఒంటి వేడి కొంచెం పెరుగుతుంది, అర డిగ్రీ సెల్సియస్‌కు లోపల. మనకు తెలియను కూడా తెలియదు. ఎం.ఎస్. ఉన్న కొందరికి ఆ రోజుల్లో కాళ్ళు బరువెక్కుతాయి, అలసట రెట్టింపవుతుంది. కారణం ఆ వేడేనా, హార్మోన్ల హెచ్చుతగ్గులు కూడానా అనేది డాక్టర్లు ఇంకా తేల్చుకుంటా ఉన్నారు. మన ఇండ్లలో దీనికి పెట్టిన పేరు ఏమిటి? "నెల నెలా దీనికి ఒక సాకు దొరుకుతుంది." నేను సెలవు ఖాతాలు రాసినవాణ్ణి. ఆడవాళ్ళు నెలలో ఫలానా రోజుల్లోనే సిక్ లీవ్ అడిగితే వెనకాల నవ్వుకున్న గుమాస్తాలను చూశాను.

దీనికంటే పెద్ద సంగతి కడుపు, కాన్పు. పూర్వం డాక్టర్లే ఎం.ఎస్. ఉన్న ఆడవాళ్ళను బిడ్డలు వద్దన్నారు. మన ఎర్ర గీత ఆ పాత మాటకు వారసత్వం. తర్వాత యూరప్‌లో 12 దేశాల్లో 254 మంది ఆడవాళ్ళను, వాళ్ళ 269 గర్భాలను వెంబడించి గమనించి, 1998లో ఫలితం అచ్చువేశారు. బిల్లు గుమాస్తా భాషలో చెప్తాను. అలాంటి పదిమందిని తీసుకోండి. గర్భానికి ముందు ఏడాది ఆ పదిమందికీ కలిపి ఏడు దాడులు. గర్భం చివరి మూడు నెలల్లో ఆ వేగం ఏడాదికి రెండు చొప్పునకు పడిపోయింది. కాన్పయిన మొదటి మూడు నెలల్లో ఏడాదికి పన్నెండు చొప్పునకు ఎగిరింది. ఆ తర్వాత మెల్లగా పాత లెక్కకు వచ్చింది. ఇవి ఇప్పటి మంచి మందులు రాక ముందటి లెక్కలు, ఇప్పుడు ఇంకా మెరుగు. కానీ ఆకారం అదే: చివరి నెలల్లో నెమ్మది, కాన్పు తర్వాత పోటు. గర్భంలో ఈస్ట్రియోల్ లాంటి హార్మోన్లు బాగా పెరిగి, బిడ్డను తల్లి రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా చూడకుండా దాన్ని శాంతపరుస్తాయి. కాన్పుతో ఆ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి.

ఈ లెక్కను మన ఆచారాల మీద పెట్టి చూడండి. ఏడో నెలలో సీమంతం చేస్తాం. చేతి నిండా గాజులు. ఆ రోజు ఆ అమ్మాయి ఎన్నడూ లేనంత బాగా కనిపిస్తుంది, ఎందుకంటే నిజంగానే బాగుంది. "చూశారా, కడుపు పండగానే జబ్బు పోయింది" అని ఊరంతా చెప్తారు. మన పెద్దమనిషికి గెలిచినట్టు ఉంటుంది. ఇక డాక్టరెందుకు, మందెందుకు? కాన్పవుతుంది. పుట్టింట్లో బాలింతకు పొగలు కక్కే నీళ్ళు పోస్తారు, తలుపులు మూసి సాంబ్రాణి వేస్తారు. వేడికి కాళ్ళు చచ్చుబడితే "బాలింత నీరసం" అంటారు. అందులో కొంత కాషన్ ఆర్డరే, చల్లబడితే పోయేది. కానీ అసలు దాడి కూడా సరిగ్గా ఆ మూడు నెలల్లోనే పొంచి ఉంటుంది, రెండూ కలిసిపోయి ఎవరికీ ఏదీ తెలియదు. చివరికి మూడో నెల నిండగానే మంచిరోజు చూసి, రాత్రి నిద్ర లేని పిల్లను బిడ్డతో సహా అత్తవారింటికి పంపుతాం. అక్కడ బావి నీళ్ళ నుంచి బంధువుల భోజనాల దాకా పని ఆమె కోసం కాచుకొని ఉంటుంది.

పుట్టింటి పురుడు చెడ్డ ఆచారం అనడం లేదు. ఎం.ఎస్. ఉన్న తల్లికి దానంత మంచిది లేదు, రాత్రి బిడ్డను ఎత్తుకోవడానికి ఇంకో చేయి ఉంటుంది. నేననేది మూడు నెలలకు బదులు ఆరు నెలలు ఉంచండి అని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి ప్రసూతి సెలవు 180 రోజులు. సర్కారు ఇచ్చిన సెలవు అత్తగారు ఇవ్వలేదా? నీళ్ళు గోరువెచ్చగా పోయండి. తలుపు తీయండి. చనుబాలు ఇవ్వడానికి అడ్డం లేదు, చనుబాలు మాత్రమే ఇచ్చే తల్లుల్లో దాడులు తక్కువని కూడా అధ్యయనాల్లో కనిపించింది. ఏ మందుతో కుదురుతుంది, ఏ మందుతో కుదరదు అనేది మాత్రం డాక్టరే చెప్పాలి.

గుట్టుగా పెండ్లి చేయడం ఎందుకు నేరం లాంటిదో ఇక్కడే ఉంది. ఈ జబ్బు మందుల్లో కొన్ని కడుపుతో ఉన్నప్పుడు అస్సలు వాడకూడనివి. టెరిఫ్లునోమైడ్ అలాంటిది, బిడ్డకు ప్రమాదం. ఫింగోలిమోడ్ గర్భానికి రెండు నెలల ముందే ఆపాలి, కానీ దాన్ని ఉన్నట్టుండి ఆపితే కొందరికి జబ్బు విరుచుకుపడుతుంది. అందుకే గర్భం అనేది ముందే డాక్టరుతో కూర్చొని తేదీ వేసుకోవాల్సిన పని. మొగుడికే తెలియని జబ్బుకు తేదీ ఎవరు వేస్తారు? అత్తవారింట్లో మాత్ర మింగడానికి బాత్రూములో గడియ వేసుకున్న అమ్మాయి సంగతి నాకు తెలుసు. చల్లగా ఉంచాల్సిన సూదిమందును ఫ్రిజ్‌లో కూరగాయల సంచి కింద దాచింది. ఒకరోజు ఆడబిడ్డ సంచి తీసింది. ఇక మందు మానేయడమే సులువని మానేసింది. ఏడు నెలలకు ఒక కంటి చూపు పోయింది, తిరిగి సగమే వచ్చింది. "ఎవరికీ చెప్పవద్దమ్మా" అన్న సలహాకు వెల అది, కట్టింది సలహా ఇచ్చినవాళ్ళు కాదు.

సరే, హార్మోనే మందు కదా, పొడి తింటే పోలేదా అంటారు. ఆ ప్రశ్న శాస్త్రజ్ఞులకు మనకంటే ముందే వచ్చింది. గర్భంలో పెరిగే ఈస్ట్రియోల్‌నే మందుగా ఇచ్చి చూద్దామని అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లో రోండా వోస్కుల్ అనే డాక్టరమ్మ ఎన్నో ఏళ్ళు పనిచేశారు. 164 మంది ఆడవాళ్ళ మీద పరీక్ష, అందరికీ మామూలు మందు ఒకటి, దాని మీద సగంమందికి ఈస్ట్రియోల్, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర. 2016లో ఫలితం వచ్చింది. దాడులు ఏడాదికి 0.37కు బదులు 0.25. ఆశ కలిగించే అంకె. కానీ ఇది నిజంగా మందు గుణమా, యాదృచ్ఛికమా అని గట్టిగా తేల్చడానికి ఆ తేడా చాలదు. ఆవిడ పెద్ద పరీక్షలు కావాలన్నారు. ఫ్రాన్సు వాళ్ళు ఇంకోటి చేశారు, కాన్పు కాగానే తల్లులకు హార్మోన్లు ఇచ్చి ఆ మూడు నెలల పోటును ఆపగలమా అని. ఆపలేకపోయారు. ఓడిపోయామని కూడా అచ్చువేశారు. ఏళ్ళ తరబడి, వందలమందితో, ఖరీదైన స్కాన్లతో తేల్చలేని సంగతిని మన వీడియో ఆయన పొడి డబ్బాతో తేల్చేశాడు.

మొగవాళ్ళ సంగతి కూడా. 2007లో పదిమంది ఎం.ఎస్. మొగవాళ్ళకు ఏడాదిపాటు టెస్టోస్టెరాన్ జెల్ పూసి చూశారు, జ్ఞాపకశక్తి, ఆలోచన వేగం కొంచెం మెరుగనిపించింది. పదిమందే. దాన్ని పట్టుకొని ఎవరైనా హార్మోను సూది వేస్తానంటే పారిపోండి. రైల్వేలో పనిచేసినవాళ్ళకు తెలుసు, బోగీల్లో మరుగుదొడ్డి తలుపుల మీద అంటించిన చీటీలు, నరాల బలహీనత, పురుష దౌర్బల్యం, ఫలానా లాడ్జి, ఫలానా తేదీ, రూమ్ నంబరు. ఎన్ని గీకించినా మరుసటి ట్రిప్పుకు మళ్ళీ ఉంటాయి. ఎందుకంటే చదివేవాళ్ళున్నారు. ఎం.ఎస్. వచ్చిన మొగవాళ్ళల్లో చాలామందికి దాంపత్యంలో ఇబ్బంది వస్తుంది. నరాల డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడి, సిగ్గు లేని లాడ్జి వైద్యుడికి డబ్బులు పోస్తారు.

ఇక మన పెద్దమనుషులు అసలు వినకూడదనుకునే భాగం.

దగ్గరితనం వల్ల మేలు ఉందా? ఉంది. ప్రేమగా తాకినప్పుడు, కలిసినప్పుడు ఒంట్లో ఆక్సిటోసిన్ లాంటివి విడుదలవుతాయి. మనసు తేలికపడుతుంది, నొప్పి కొంతసేపు తక్కువగా తెలుస్తుంది, నిద్ర పడుతుంది. ఎం.ఎస్. ఉన్నవాళ్ళకు కూడా ఇది అంతే. కానీ దానివల్ల జబ్బు ఆగుతుందని గానీ, నరం తొడుగు తిరిగి వస్తుందని గానీ ఎవరూ నిరూపించలేదు. దానివల్ల జబ్బు ముదురుతుందని కూడా ఎవరూ నిరూపించలేదు. శ్రమకూ వేడికీ కాళ్ళు కాసేపు బలం తప్పవచ్చు, చూపు మసకబారవచ్చు. అది కాషన్ ఆర్డరు. భయపడి ఆలుమగలు వేరే గదుల్లో పడుకునే అవసరం లేదు.

అసలు దారి ఎదురుగా నడుస్తుంది. కాపురం జబ్బును మార్చడం కంటే జబ్బు కాపురాన్ని మార్చడం ఎక్కువ. ఈ జబ్బున్నవాళ్ళలో దాంపత్యపు ఇబ్బందులు ఉన్నవాళ్ళు వేర్వేరు అధ్యయనాల్లో నూటికి 40 నుంచి 80 దాకా తేలారు. డాక్టర్లు దీన్ని మూడుగా చూస్తారు. మొదటిది నరమే దెబ్బతిని స్పర్శ తెలియకపోవడం, తడి రాకపోవడం, మొగవాళ్ళకు అంగం గట్టిపడకపోవడం. రెండోది అలసట, కాళ్ళు బిగుసుకుపోవడం, మూత్రం జారుతుందేమోననే భయం. మూడోది మనసు. నేను ఇంకెవరికీ పనికిరాను అనే ఆలోచన. పందొమ్మిది ప్రశ్నల ఫారం కూడా ఒకటి ఉంది, రోగి నింపి డాక్టరుకు ఇవ్వవచ్చు, నోరు తెరిచి చెప్పాల్సిన పని లేదు. మన ఊరి ఆస్పత్రుల్లో దాన్ని ఎవరైనా చేతికిచ్చారా అని మా తమ్ముడి కూతుర్ని అడిగాను. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా లేదట. డాక్టరు అడగడు, ఆమె చెప్పదు, పక్కన కూర్చున్న నాలాంటి పెద్దనాన్న బయటికి పోడు. ఇప్పుడు పోతున్నాను.

ఆ మాట చెప్పని ఇంట్లో ఏమవుతుంది? భార్యకు నడుము కింద మొద్దుబారింది. మొగుడు చేయి వేస్తే సగం తెలుస్తుంది, సగం మంటగా తెలుస్తుంది. ఆమె పక్కకు జరుగుతుంది. ఆయన "నా మీద మనసు లేదు" అనుకుంటాడు. వాళ్ళమ్మ "ఇంకెవరైనా ఉన్నారేమో" అంటుంది. ఆరు నెలల్లో పంచాయితీ మన సంఘం ఆఫీసుకు వస్తుంది. మన పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దుకుపొమ్మంటారు, దేన్ని సర్దుకోవాలో అడగరు. అక్కడ కావాల్సింది పంచాయితీ కాదు, ఒక నరాల డాక్టరు, ఒక గైనకాలజిస్టు, తలుపు వేసిన గదిలో అరగంట. చిన్న చిన్న ఉపాయాలు ఎన్నో ఉన్నాయి. అలసట రాత్రికి పెరుగుతుంది, తెల్లవారుజామున తక్కువ. ఫ్యాను, ఏసీ, చన్నీళ్ళ స్నానం. ముందే మూత్రానికి పోయి రావడం. మందుల షాపులో దొరికే లూబ్రికెంట్ జెల్. దిగులుకు వాడే కొన్ని మాత్రలే కోరికను చంపుతాయి, డాక్టరుకు చెప్తే మార్చి ఇస్తారు. ఏదీ లేకపోయినా చేయి పట్టుకొని పడుకోవడం కూడా కాపురమే. ఇవన్నీ చెప్పడానికి సిగ్గెందుకు?

సిగ్గు మన తెలుగు సంప్రదాయం అంటారేమో. అయ్యా, ఉగాదికి మనం స్టేజీ మీద క్షేత్రయ్య పదాలు పాడిస్తాం. తంజావూరు నాయకరాజుల కొలువులో ఆ పదాలు పాడారని గర్వంగా చెప్పుకుంటాం, ముందు వరసలో కూర్చొని తాళం వేస్తాం. అందులో దేని గురించి ఉందో అర్థమయ్యే వేస్తున్నామా? అదే తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చువేస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఆవిడ కోసం సభ పెట్టి దండ వేశాం మనం. శృంగారం పద్యంలో ఉంటే వారసత్వం, డాక్టరు చీటీలో ఉంటే బూతు. ఇదెక్కడి న్యాయం?

"అయినా బిడ్డలకు వస్తుంది కదా" అని సంబంధాల కమిటీలో ఒకరు నాతో అన్నారు. తల్లికో తండ్రికో ఎం.ఎస్. ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండో మూడో. తొంభై ఏడుగురికి రాదు. మన రిజిస్టరులో తండ్రికి షుగరు ఉన్న అబ్బాయిలు ఎంతమంది? వాళ్ళ మీద ఎర్ర గీత గీసి ఉంటే పుస్తకమంతా ఎర్రబడేది. మేనమామకిచ్చి చేసేటప్పుడు అడగని వంశం ప్రశ్న ఈ బిడ్డ దగ్గరే ఎందుకు గుర్తొచ్చింది?

పెండ్లి చేసుకునేవాడికి తెలియకుండా చేయమనడం లేదు నేను. పూర్తిగా తెలిసి చేయమంటున్నాను. నిశ్చితార్థానికి ముందే, ఆ అమ్మాయే స్వయంగా, ఆ అబ్బాయికే చెప్పాలి. పెద్దల ద్వారా రంగు మారిపోయి పోకూడదు. తర్వాత ఇద్దరూ కలిసి ఆమె డాక్టరు దగ్గరికి పోవాలి. అబ్బాయి వద్దంటే అది ఆయన హక్కు, ఆ మాట ఊరంతా చాటకపోవడం ఆయన మర్యాద. పెండ్లే వద్దని ఆ అమ్మాయి అంటే అదీ ఆమె ఇష్టం. గీత గీసే హక్కు మాత్రం గుమాస్తాకు లేదు. నేను గుమాస్తానే కాబట్టి చెప్తున్నా, రిజిస్టరు రాసేవాడి పని ఎంట్రీ వేయడం, శిక్ష వేయడం కాదు.

ఇంకో చిన్న సంగతి, కోపం మీద మరిచిపోయేవాణ్ణి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఎం.ఎస్. అందులో ఒకటి. మన సంఘం సహాయనిధి ఫారంలో ఇంకా 1995 చట్టం నాటి ఏడు రకాలే అచ్చయి ఉన్నాయి. ఫారం మార్చడానికి తీర్మానం కూడా అక్కర్లేదు, జిరాక్స్ చాలు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను నాలుగు మాటలు తీర్మానంగా పెడుతున్నాను. సంబంధాల రిజిస్టరులో ఎవరి ఆరోగ్యం మీదా కమిటీ గీతలు, వ్యాఖ్యలు ఉండకూడదు, ఉన్నవి తీసేసి ఆ పేజీలు కొత్తగా రాయాలి. మందు అమ్మే వీడియోలు గ్రూపులో పెట్టినవాళ్ళ పోస్టు అడ్మిన్ తీసేయాలి. ప్రతి ఏటా పెట్టే వైద్య శిబిరంలో కంటి పరీక్ష, షుగరు పరీక్షతో పాటు ఒక నరాల డాక్టరు, ఒక గైనకాలజిస్టు ఉండాలి, ఆడవాళ్ళకు వేరే గది, పెండ్లయిన జంటలకు వేరే సమయం, లోపలికి బంధువులు పోకూడదు. కాపురం తగాదా పంచాయితీకి వస్తే ముందు ఇద్దరినీ డాక్టరుకు చూపించమని అడగాలి.

ప్రతిపాదించేది నేను. బలపరచడానికి ఒక సంతకం కావాలి. ఈసారి ఆ సంతకం మహిళా విభాగం నుంచి వస్తే బాగుంటుంది. మగవాళ్ళు ఎవరైనా ముందుకొచ్చినా కాదనను. ఎదురు మాట్లాడేవాళ్ళు గ్రూపులో కాకుండా సమావేశానికే వచ్చి మైకు ముందు మాట్లాడండి. ఆ బిడ్డ కూడా వస్తానంది, రెండో వరసలో కూర్చుంటుంది. హాలులో ఫ్యాన్లు పనిచేసేటట్టు చూడమని కార్యదర్శి గారికి మనవి.